సంగమానికి బయలుదేరి చల్లపల్లిలో ఆగిన ఆదివారం

కృష్ణానది పుట్టేచోటు చూడడానికి చాలా ఏళ్ళ కిందట మహాబలేశ్వరం దాకా వెళ్ళాను. రెండు రైళ్ళు మారి, బస్సెక్కి, చలికి దగ్గు తెచ్చుకుని మరీ చూశాను. అదే నది సముద్రంలో కలిసే హంసలదీవికి మా విజయవాడలో పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికల్లా చేరవచ్చు. కానీ అక్కడికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, నా ప్రయాణాలన్నీ అలాగే సాగాయి. ఉద్యోగంలోంచి రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని పాత ఫోటోలు చూస్తుంటే ఈ లెక్క తప్పిందని తోచింది. పుట్టినచోటు చూసినదాన్ని కలిసేచోటు కూడా చూడాలి కదా అని, మాఘమాసంలో ఒక ఆదివారం ఖాయం చేసుకున్నాను.

మీరు బస్సులో వెళ్ళాలనుకుంటే విజయవాడ నుంచి అవనిగడ్డకి బాగానే బస్సులున్నాయి. అక్కడ దిగి కోడూరు మీదుగా ఆటో మాట్లాడుకోవచ్చు. నా మోకాళ్ళకి అంత ఓపిక లేదు కాబట్టి కారు మాట్లాడుకున్నాను. తెలిసినవాళ్ళు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే నాగరాజు అనే డ్రైవరు మూడువేలకి వస్తానన్నాడు. మిగతావాళ్ళు నాలుగువేలు అడిగారు. తక్కువ ఎందుకని అడగబోయేలోపు అతనే చెప్పాడు. దారిలో చల్లపల్లి దగ్గర పది నిమిషాలు ఆగాలట. చెల్లెలి పాపకి చెవులు కుట్టిస్తున్నారట, తను మేనమామట. మేనమామ ఒడి లేకుండా చెవులు కుట్టరు కాబట్టి, పదిన్నర ముహూర్తానికి అక్కడుంటే చాలనుకుని సరేనన్నాను. (ఇందులో పేర్లన్నీ మార్చాను. ఇది మొదట చదివింది ఆ చెల్లెలే. ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను.)

ఏడింటికి బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కాను. నాగరాజుకి ముప్పై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. వెనకసీటులో పాప గౌను కవరు, అరటిపళ్ళ అత్తం ఉన్నాయి. గేరు పక్కన ఎర్రటి చిన్న డబ్బా ఉంది, పాపకి చెవిపోగులని చెప్పాడు. కంకిపాడు దాటి టోలు కట్టేదాకా బండి బాగానే నడిపాడు. ఉయ్యూరులో టీకి ఆగాం. అయిదు నిమిషాల్లో టీ అయింది. తర్వాత టైర్లలో గాలి చూపిస్తానన్నాడు. అదీ అయ్యాక ఇంకో టీ తాగుదామా అన్నాడు. చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే వాటినన్నిటినీ ముందుకి పంపించి ఆ తర్వాత తాపీగా బయలుదేరాడు. నాకు చిరాకేసింది. ముహూర్తం ఉన్నవాడు చేసే పనులు కావవి. ముహూర్తం అతనిదా నాదా అని అడిగేశాను.

దానికి జవాబుగా అతను తన కథ చెప్పాడు. ఒక్కసారిగా కాదు, పామర్రు దాకా ముక్కలు ముక్కలుగా. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఎయిడ్స్ వచ్చి ముందు నాన్న, ఏడాది తిరక్కుండా అమ్మ పోయారు. అప్పుడు ఇతనికి పదేళ్ళు, చెల్లెలు దుర్గకి అయిదు. పెదనాన్న వాళ్ళు ఇద్దరినీ ఇంటికి తెచ్చుకుని రక్తపరీక్ష చేయించారు. ఇతనికి లేదని తేలింది. దుర్గకి పుట్టుకతోనే వచ్చింది. నాలుగు నెలలు ఆ పిల్లని వసారాలోనే ఉంచారు. పళ్ళెం వేరు, గ్లాసు వేరు, దుప్పటి వేరు. తర్వాత విజయవాడ శివార్లలో ఇలాంటి పిల్లల కోసమే నడిపే ఒక హోమ్‌లో వదిలేశారు. మగపిల్లాణ్ణి ఉంచుకుని ఆడపిల్లని వదిలేశారని నేను అనుకుంటూ ఉండగానే అతను అందుకున్నాడు.

"మా పెద్దమ్మ చెడ్డది కాదండి. బయపడింది. మా అమ్మ బతికున్నప్పుడు ఇంట్లో కోడి కోస్తే కందనకాయ కోసం మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం. అమ్మ దాన్ని సగం కొరికి ఒకళ్ళకి, మిగతా సగం ఒకళ్ళకి పెట్టేది. పెదనాన్నింట్లో కూడా నేను సగం కొరికి దుర్గకి ఇవ్వబోయానండి, వసారాలోకెళ్ళి. పెద్దమ్మ చూసి చేతి మీద కొట్టింది. ముక్క మట్టిలో పడిపోయింది. అది ఏడవలేదండి. ఆ ముక్కనే చూస్తా కూర్చుంది."

ఇలాంటివి విన్నప్పుడు అయ్యో అనడం నాకు చేతకాదు. కిటికీలోంచి మినుము చేలు చూస్తూ కూర్చున్నాను. వరి కోసిన మళ్ళలోనే చల్లిన మినుము మోకాలెత్తు పెరిగి మైళ్ళ పొడవునా పచ్చగా ఉంది. డెల్టా చూడాలంటే ఈ కాలంలోనే రావాలి. ఎండ కూడా మరీ ఉండదు.

తర్వాత ఎప్పుడూ వెళ్ళలేదా అని అడిగితే, ఒకసారి వెళ్ళాడట. హోమ్‌లో నెలకో ఆదివారం చుట్టాలని రానిచ్చేవారు. పద్నాలుగో ఏట ఇంట్లో చెప్పకుండా బిస్కట్ ప్యాకెట్ కొనుక్కుని బస్సెక్కాడు. గేటు బయట నుంచి చూస్తే, చెట్టు కింద బెంచీ మీద దుర్గ పక్కన ఇంకో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. అతని చేతిలోనూ బిస్కట్ ప్యాకెట్టే. దుర్గ అతన్ని అన్నయ్యా అని పిలుస్తోంది. దానికి వేరే అన్నయ్య దొరికాడులే అనుకుని, లోపలికి వెళ్ళకుండానే వచ్చేశాడు. ఆ తర్వాత వెళ్ళలేదు. మూడేళ్ళ కిందట దుర్గ తన పెళ్ళికి పిలిచినా వెళ్ళలేదు. ఇప్పుడు పాప చెవులు కుట్టించడానికి మళ్ళీ పిలిచింది. తొమ్మిదో నెలలోనో పదకొండో నెలలోనో కుట్టించాల్సింది, ఆపి ఉంచింది. తను రోజూ మందులు వాడుతుంది. ఆ మందుల వల్లే పాపకి జబ్బు రాలేదు. అయినా ఏడాదిన్నరకి చేసే ఆఖరి పరీక్ష కూడా అయి, పాపకి లేదని డాక్టర్లు గట్టిగా చెప్పాకే అన్నకి ఫోన్ చేసిందట. మేనమామ ఒడిలో కూర్చోబెట్టే పాప గురించి ఎవరికీ ఏ అనుమానమూ ఉండకూడదని ఆగింది. ఆ ఎవరికీ అన్నది ఎవరి గురించో చెప్పక్కర్లేదు.

పామర్రు దగ్గర హైవే వదిలి కూచిపూడి వైపు మళ్ళాం. అక్కడినుంచి రోడ్డు సన్నం, కానీ బాగుంది. కూచిపూడి దాటాక నాగరాజు అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగాడు.

"చెవి కుట్టేటప్పుడు రక్తం వస్తుందాండి?"

ఒక చుక్క వస్తే రావచ్చన్నాను. పాపకి ఏమీ లేదని డాక్టర్లే చెప్పారు కదా అని కూడా అన్నాను. అతను తలూపాడు. చదువుకున్నవాడే, డాక్టర్ల మాట నమ్మినవాడే. కానీ చిన్నప్పుడు చేతి మీద పడిన దెబ్బ డాక్టరు మాటతో పోయేది కాదని నాకు అర్థమైంది. బయలుదేరే ముందు పెద్దమ్మ కూడా ఒక మాట చెప్పి పంపిందట. వెళ్ళు, కుట్టించు, దీవించు, ముద్ద మాత్రం ముట్టకుండా వచ్చెయ్ అని.

చల్లపల్లి సెంటర్‌కి చేరేసరికి పదింబావు. ఈ ఊళ్ళో చూడడానికి రాజావారి కోట ఉంది. ఆగితే అరగంట పట్టే వ్యవహారం, మీ ప్లానులో ఉంచుకోండి. నాగరాజు ఆగలేదు, సెంటర్ దాటి నేరుగా మోపిదేవి రోడ్డెక్కాడు. మీ చెల్లెలి ఇల్లు ఇటా అని అడిగాను. కాదట, కాలవ వైపు వెనకే ఉండిపోయిందట. వచ్చేటప్పుడు ఆగుదామన్నాడు. అప్పటికి చెవులు కుట్టేది ఎవరు, ఒడి ఎవరిది? బండి తిప్పమన్నాను. జాలిపడి అన్నానని అనుకోకండి. సాయంత్రం తిరుగుప్రయాణంలో తెలియని సందుల్లో ఆగడం నాకు ఇష్టం ఉండదు. ఏ పని ఎప్పుడనుకుంటే అప్పుడు కావాలి నాకు. అతను రోడ్డు మీద కాసేపు బండి ఆపి కూర్చున్నాడు. తర్వాత తిప్పాడు.

కాలవగట్టు పక్కన రేకుల ఇల్లు. ముందు చిన్న షామియానా. లోపల దుర్గ భర్తతో కలిపి పాతికమంది దాకా ఉన్నారు, అందరూ ఇంచుమించు ఒకే ఈడువాళ్ళు. పెద్దవాళ్ళంటూ కనిపించింది ఇద్దరే. ఒకరు హోమ్‌లో వార్డెనుగా చేసిన సుగుణమ్మగారు, రెండోవారు చెవులు కుట్టడానికి వచ్చిన ఆచారిగారు. ఆయనకి మోపిదేవి గుళ్ళో ఇంకో పిల్లకి కుట్టాల్సి ఉందట, గడియారం చూసుకుంటున్నారు. మధ్యలో పీట ఖాళీగా ఉంది. బస్సులో సీటు ఆపినట్టు దాని మీద ఎవరిదో చేతిరుమాలు పరిచి ఉంది. అది దుర్గ వేసిందేనని తర్వాత తెలిసింది. పొద్దున్నుంచీ ఎవర్నీ ఆ పీట మీద కూర్చోనివ్వలేదట.

దుర్గ సన్నగా, చామనఛాయగా ఉంది. పాపని చంకనెత్తుకుని ఎదురొచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత అన్నని చూసిన మనిషి ఏదో ఒకటి అంటుందని నేను ఎదురుచూశాను.

"కాళ్ళు కడుక్కో అన్నయ్యా. టైమైపోతంది" అంది, అంతే.

నాగరాజు కాళ్ళు కడుక్కుని వచ్చి పీట దాకా వెళ్ళి ఆగిపోయాడు. పక్కన నిలబడి ఉన్న ఒక మనిషిని చూసి అతని మొహం మారింది. ఆ మనిషి పేరు బాజీ. గుడివాడలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. అతని చేతిలోనూ ఒక ఎర్రడబ్బా ఉంది. నాగరాజు రుమాలు తీసి అతనికి ఇవ్వబోతూ, మీరు కూర్చోండి, దుర్గకి అన్నయ్య మీరే, హోమ్‌కి వచ్చినప్పుడు బెంచీ మీద మిమ్మల్ని చూశాను అన్నాడు. గొంతులో కోపం లేదు. సీటు ఎవరిదో వాళ్ళకి వదిలేసే మర్యాదే ఉంది.

బాజీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి మానుకున్నాడు.

"నేను బయట నుంచి వచ్చిన అన్నయ్యని కాదండి, నేనూ ఆ హోమ్ పిల్లాణ్ణే. మాకు ఎనక గేటు ఒకటి ఉండేది. చుట్టాల ఆదివారం ఎవరికోసం ఎవరూ రాలేదో చూసుకుని, పెద్దపిల్లలం చొక్కా మార్చుకుని ఎనక గేటులోంచి పోయి, ముందు గేటులోంచి వచ్చేవాళ్ళం. వాచ్‌మన్ కూడా ఎవరికోసం వచ్చారండీ అని అడిగేవాడు. ఆ బిస్కట్లు సుగుణమ్మగారు కొనిచ్చినయ్యే. ఆ ఆదివారం దుర్గకి నా వంతు. మీరు నిజంగా వచ్చారని తెలిస్తే నేను మళ్ళీ ఎనక గేటులోంచి పోయేవాణ్ణి గదండీ."

నాగరాజు సుగుణమ్మగారి వైపు చూశాడు. ఆవిడ అవునని తలూపారు. ఆ హోమ్‌లో ఏ పిల్లా నాకోసం ఎవరూ రాలేదనుకుంటూ పడుకోకూడదన్నది ఆవిడ పట్టుదలట. ఆ అలవాటే ఆరోజు కూడా పనిచేసింది. నాగరాజు రాడని హోమ్ కుర్రాళ్ళు ఎవరికి వాళ్ళు అనుకున్నారు. దుర్గకి చెప్పకుండా, ఒకరితో ఒకరు అనుకోకుండా, మేనమామగా కూర్చోవడానికి సిద్ధపడి వచ్చారు. బాజీ డబ్బా చూపించగానే ఇంకొకతను జేబులోంచి తన డబ్బా తీశాడు, ఆ వెనక ఇంకో నలుగురు. నాగరాజుదాంతో కలిపి పాప రెండు చెవులకి ఏడు జతల పోగులు తేలాయి. ఆచారిగారు ఇన్నేళ్ళ వృత్తిలో ఇంతమంది మేనమామలున్న పిల్లని చూడలేదన్నారు. దుర్గ పడీపడీ నవ్వింది. ఒక్క నాగరాజే నవ్వలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. గేటు బయట నుంచి చూసిన ఒక్క దృశ్యం మనిషిని ఇరవై ఏళ్ళు దూరం పెట్టదు. వెళ్ళకపోవడానికి అతనికి ఒక సాకు కావాలి, అది దొరికింది. అది అతనికీ తెలుసుననుకుంటాను. ఎందుకంటే బాజీ మాటలు విన్నాక ఏ సంజాయిషీ చెప్పలేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని పీట మీద కూర్చుని చేతులు చాచాడు.

పాప ముందు కొత్తమనిషిని చూసి బిక్కమొహం వేసింది. అరటిపండు ముక్క నోట్లో పెట్టేసరికి ఒళ్ళో సర్దుకుంది. ఆచారిగారు రెండు తమ్మెల మీదా కుంకంతో చుక్క పెట్టి, సమంగా ఉన్నాయో లేదో చూసి, నాగరాజు తెచ్చిన పోగుల తీగతోనే చటుక్కున గుచ్చారు. పాప కాలవ అవతలికి వినిపించేలా ఏడ్చింది. రెండో చెవి కుట్టేటప్పుడు తల విదిలించుకుని నాగరాజు గుండె మీద వాలింది. తెల్లచొక్కా మీద, జేబుకి కాస్త పైన, చిన్న రక్తపు చుక్క అంటుకుంది. నేను అతన్నే చూస్తున్నాను. దుర్గ కూడా అతన్నే చూస్తోంది. అతను ఆ చుక్కని చూశాడు. పాపని ఇంకాస్త దగ్గరికి తీసుకుని వీపు నిమరడం మొదలుపెట్టాడు. తర్వాత పాపకి పసుపూ నూనే రాశారు. ఆచారిగారు తాంబూలం తీసుకుని బండెక్కారు.

భోజనాలకి బల్లలు వేశారు. కొబ్బరన్నం, కోడికూర, గోంగూర పచ్చడి, పెరుగు. కోడికూర దుర్గే వండిందట. అప్పుడు నాగరాజు పాపని తల్లికిచ్చి, కారు తాళాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మేడంగారికి లేటవుతుందమ్మా. హంసలదీవి ఎళ్ళాలంట" అన్నాడు.

అద్దె ఎందుకు తగ్గించాడో అప్పుడు తెలిసింది నాకు. చెల్లెలి ఇంటికి వెళ్ళడానికి అతనికి కారు చాలు. తినకుండా బయటపడడానికే ఒక పాసింజరు కావలసి వచ్చింది. దుర్గ చేతిలో ప్లేటు పట్టుకుని నావైపు చూసింది. బతిమాలుతున్నట్టు కాదు. వచ్చినవాళ్ళు పోతారని చిన్నప్పుడే తెలుసుకున్న మనిషి చూసినట్టు చూసింది. నాకు ఇతరుల ఇంటి సంగతుల్లో తలదూర్చే అలవాటు లేదు. పైగా అప్పుడు బయలుదేరితేనే వెలుగుండగా సంగమం చూసి వెనక్కి రాగలం.

"నాకు ఆకలిగా ఉంది బాబూ. సముద్రం ఎక్కడికీ పోదు" అని వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను.

బాజీ తన పక్కన కుర్చీ వెనక్కి లాగాడు. నాగరాజు తాళాలు జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాడు. దుర్గ వడ్డించింది. అన్నం పక్కకి జరుపుతూ, మళ్ళీ దగ్గరికి తీసుకుంటూ అతను చాలాసేపు ముద్ద కలపలేదు. అందరికీ వడ్డించాక దుర్గ తన ప్లేటు తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది. కూరలో వెతికి కందనకాయ తీసి, సగం కొరికి, మిగతా సగం అన్న ప్లేటులో వేసింది. తన అన్నం తను తినడం మొదలుపెట్టింది. అయిదేళ్ళప్పటి సంగతి ఆమెకి గుర్తుంటుందని అతను అనుకోలేదు. నేనూ అనుకోలేదు. అతను ఆ ముక్కని నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత తల ఎత్తకుండా తిన్నాడు. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే కూరలో కారం ఎక్కువైందని బాజీ దుర్గని ఆటపట్టించాడు. నేను ఇంకోసారి కూర వేయించుకున్నాను.

అక్కడినుంచి కదిలేసరికి నాలుగైంది. హంసలదీవికి వేళ దాటిపోయింది కాబట్టి కారు విజయవాడ వైపే తిప్పమన్నాను. మిగిలిన ఆరు జతల పోగులు ఏం చేస్తారని అడిగితే, పండగకో జత పెడతానని దుర్గ చెప్పింది. ఉయ్యూరు దగ్గర నాగరాజు ఫోను మోగింది. స్పీకరులో పెట్టి మాట్లాడాడు. అవతల ముసలి గొంతు, పెద్దమ్మది. కుట్టించడం అయిందా, పిల్ల బాగా ఏడ్చిందా అని అడిగి, కాస్త ఆగి, అక్కడేం తినలేదుగా అంది.

"తిన్నా పెద్దమ్మా. కందనకాయలో సగం నాకు పెట్టింది."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, సరే, జాగ్రత్తగా రా అని పెట్టేసింది. బెంజ్ సర్కిల్ దగ్గర దిగేటప్పుడు చూశాను, చొక్కా మీద ఆ చుక్క ఎండి అలాగే ఉంది. దారిలో రెండుచోట్ల నీళ్ళ దగ్గర ఆగినా అతను దాన్ని కడగలేదు.

నది పుట్టినచోటూ కలిసినచోటూ చూడాలని బయలుదేరి ఒక కాలవగట్టు దగ్గరే ఆగిపోయాను. దానివల్ల జీవితం మారిపోయిందని చెప్పను. ఎయిడ్స్ తల్లిదండ్రులని తీసుకుపోయిన పిల్లలంటే నాకు ఇన్నాళ్ళూ ఎప్పుడో పేపర్లో చదివి మరిచిపోయిన వార్త. వాళ్ళంతా పెరిగి పెద్దవాళ్ళై ఫోన్లు బాగుచేస్తున్నారు, పిల్లలకి చెవులు కుట్టిస్తున్నారు, ఒకరికోసం ఒకరు ముందు గేటులోంచి వస్తున్నారు. రక్తసంబంధం ఉన్నవాడికే అక్కడికి రావడానికి దారి తెలియలేదు. తెలిశాక మాత్రం అతని పీట మీద ఇంకెవరూ కూర్చుని లేరు. నేను తిరిగివచ్చాక ఎక్కువగా తలచుకునేది అదే.

ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఆరింటికల్లా విజయవాడ దాటితే ఎండ ముదరకముందే సంగమం చూడవచ్చు. కానీ దారిలో మా చెల్లెలింటి దగ్గర పది నిమిషాలు ఆగాలని మీ డ్రైవరు అంటే, ఆ రోజుకి సముద్రం సంగతి మరిచిపోయి, కాస్త ఆకలితో వెళ్ళండి.